లంచం ఇస్తామన్నా, అడిగినా మొహమాటపడకుండా బయటపడటం ఎలా

నాకు మొదటిసారి ఇది లిఫ్ట్ దగ్గర జరిగింది. కంపెనీకి సరుకు కొనే పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో చేరి ఆర్నెల్లు కూడా కాలేదు. ఒక వెండర్ (మాకు సరుకు అమ్మే కంపెనీ) తరఫు మనిషి మీటింగ్ అయ్యాక నాతో పాటే కిందికి దిగడానికి వచ్చాడు, ఇద్దరం లిఫ్ట్ కోసం నిలబడ్డాం, ఆయన ఫోన్ చూసుకుంటూనే, నా మొహం వైపు కూడా చూడకుండా, "మీది రెండు పర్సెంట్ సార్, రేట్‌లో కలిపేశాం, మీరేం టెన్షన్ పడొద్దు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ఏమీ అన్లేదు. నవ్వాను. ఏం మాట్లాడాలో తోచనప్పుడు దానంతటదే వచ్చే వెధవ నవ్వు ఒకటుంటుంది చూడండి, అది. ఆయన దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాడు. వారం తిరిగేసరికి శాంపిల్స్‌తో పాటు వచ్చిన కేటలాగ్ పేజీల మధ్యలో ఒక కవర్ ఉంది.

ఆ కవర్ వదిలించుకోడానికి నేను పడ్డ తిప్పలు తర్వాత చెప్తా. ముందు ఒక మాట. లంచాల గురించి మాట్లాడేవాళ్ళంతా ఆశ గురించే మాట్లాడతారు, డబ్బు మీద ఆశ లేకపోతే సరిపోతుంది అన్నట్టు. నేను చూసినంతలో ఆశపడి ఇరుక్కున్నవాళ్ళకంటే మొహమాటపడి ఇరుక్కున్నవాళ్ళే ఎక్కువ. మొహమాటానికి పోతే ఏమైందో సామెత ఉంది కదా, ఇక్కడ పూర్తిగా రాయను. కాబట్టి కింద రాసేదంతా మొహమాటానికి మందు అనుకోండి.

దాని వేషాలు

లంచం ఎప్పుడూ లంచం అని పేరు చెప్పుకుని రాదు. కమిషన్ అంటారు, గుడ్‌విల్ అంటారు, "మిమ్మల్ని మేం చూసుకుంటాం" అంటారు, "ఫైల్ ఖర్చులు" అంటారు, "నాకేం మిగలదండీ, అంతా పైవాళ్ళకే" అంటారు. ఒక్కోసారి డబ్బే ఉండదు. మీ తమ్ముడికి వాళ్ళ కంపెనీలో ఉద్యోగం, పిల్లల కాలేజీ ఫీజు, ఫ్యామిలీతో వెళ్ళే ట్రిప్‌కి ఫ్యాక్టరీ విజిట్ అని పేరు. 1970ల్లో విమానాలు చేసే లాక్‌హీడ్ కంపెనీ జపాన్‌లో డబ్బులు పంచినప్పుడు ముట్టినట్టు రసీదుల మీద ఏం రాశారో తెలుసా, "100 పీనట్స్" అని. ఒక్కో పల్లీ పది లక్షల యెన్! ఆ వ్యవహారంలోనే మాజీ ప్రధాని తనాకా 1976లో అరెస్టయ్యాడు. జర్మనీలో అయితే వేరే దేశాల్లో ఇచ్చిన లంచాల్ని 1999 దాకా "ఉపయోగపడే ఖర్చులు" అని చూపించి ట్యాక్స్ తగ్గించుకునే వీలుండేది కూడా. నేను పెట్టుకున్న గుర్తు ఒక్కటే, అసలు పేరుతో బిల్లు రాయలేని డబ్బు ఏదైనా సరే, అది లంచమే.

కిక్‌బ్యాక్, అంటే ఆర్డర్ ఇచ్చినందుకు అమ్మేవాడు మీకు వెనక్కిచ్చే వాటా, ఇంకొంచెం తెలివైనది. ఇందులో మీకిచ్చేది బయటివాడి డబ్బు అనిపిస్తుంది, కాదు. 100కి రావాల్సిన సరుకు 106 అని కోట్ (కొటేషన్) ఇస్తాడు, మీకు 2 ఇస్తాడు, మిగతా 4 ఆయనకే, ఎందుకంటే ఆ 2 పుచ్చుకున్నాక మీరు బేరమాడలేరని ఆయనకి తెలుసు. ఆ ఆరూ కట్టింది మీ కంపెనీ. మన వేలితో మన కన్నే పొడిపించడం ఇది. సరే డబ్బు సంగతి అలా ఉంచండి, అసలు కథ రెండో లోడ్‌తో మొదలవుతుంది, సరుకు నాసిరకంగా ఉంటుంది, మీరు రిజెక్ట్ రాయబోతారు, ఫోన్ వస్తుంది, "సార్, మనం మనం ఒకటి కదా" అని. అంతే. ఆ రోజు నుంచి మీ జీతం ఇచ్చేది ఒకళ్ళు, మీ చేత పని చేయించుకునేది ఇంకొకళ్ళు.

ఆ పది సెకన్లు

ఆఫర్ వచ్చాక ఆలోచిద్దాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. అప్పుడు మన బుర్ర మన వైపు ఉండదు, "అందరూ తీసుకునేదేగా", "నేను కాకపోతే ఇంకొకడు", "రేట్ ఎలాగూ తక్కువే ఇచ్చాడుగా" అంటూ వాడి తరఫున వాదిస్తుంది. అందుకే మాట ముందే తయారు చేసి పెట్టుకోవాలి. నాకు ఇన్నేళ్ళలో బాగా పనిచేసిన మాట ఇది:

"ఆ రెండు పర్సెంట్ రేట్‌లోంచి తీసేసి రివైజ్డ్ కోట్ పంపండి, నాకు అదే పెద్ద హెల్ప్."

చూడండి, ఇందులో తిట్టు లేదు, నీతిపాఠం లేదు, ఎదుటివాడి మొహం మాడదు, కానీ తలుపు మూసుకుపోయింది. పైగా మీ కంపెనీకి రెండు పర్సెంట్ మిగిలింది. ఇది కుదరని చోట, అంటే కోట్ సంగతి కాకుండా నేరుగా ఏదైనా చేతిలో పెట్టబోతుంటే, నెపం రూల్ మీదకి తోసేయండి: "నేను తీసుకోనండి, మా దగ్గర ఇలాంటివి వస్తే అదే రోజు మెయిల్ పెట్టాలి, నేను పెడతాను, మీరు ఇంకోలా అనుకోవద్దు." మెయిల్ అన్న మాట వినగానే చాలామంది చెయ్యి దానంతటదే వెనక్కి పోతుంది. మీ కంపెనీలో అలాంటి రూల్ రాసి లేకపోతే, మీకు మీరే పెట్టుకోండి, ఈరోజే మేనేజర్‌కి చెప్పి పెట్టుకోండి, అప్పుడది అబద్ధం అవ్వదు.

అనకూడని మాటలు కూడా ఉన్నాయి. "ఇప్పుడొద్దులెండి", "తర్వాత చూద్దాం", "ఎందుకండీ ఇవన్నీ", "అబ్బే, అంత అవసరం లేదు". మనకి ఇవి వద్దు అన్నట్టే ఉంటాయి. వాడికి మాత్రం వేరేలా వినిపిస్తాయి, ఇంకొంచెం పెంచమంటున్నాడు, లేదా ఇక్కడ కాదు ఇంకో చోట ఇమ్మంటున్నాడు అని. నా నవ్వు సంగతి తెలిసిందే. నవ్వొస్తే నవ్వండి కానీ నవ్వుతూనే వద్దు అన్న మాట నోట్లోంచి బయటికి రావాలి. సిగ్గుపడకుండా ఇంట్లో తలుపేసుకుని రెండుసార్లు పైకి అనుకుని చూడండి, మొదటిసారి గొంతు ఎంత చచ్చుగా వస్తుందో మీకే తెలుస్తుంది.

తర్వాత అదే రోజు, ఇంటికెళ్ళేలోపు, మేనేజర్‌కి మెయిల్. పెద్దగా ఏం అక్కర్లేదు. "ఈరోజు సాయంత్రం ఫలానా కంపెనీ తరఫున ఫలానా ఆయన రేట్‌లో నా పేరున రెండు పర్సెంట్ కలిపామని చెప్పారు. నేను వద్దని చెప్పి రివైజ్డ్ కోట్ అడిగాను. మీ దృష్టిలో ఉండాలని రాస్తున్నాను." ఇంతే. ఆయన్ని దొంగ అనకండి, మీ అభిప్రాయాలు రాయకండి, టైము, మాట, మీరిచ్చిన జవాబు, చాలు. ఈ మెయిల్ ఎవరి మీదో కంప్లైంట్ అనుకోవద్దు, మీకు గొడుగు. ఆర్డర్ పోయినవాడు రేపు "ఆయనకి ఇచ్చాం సార్" అని ఉత్త పుణ్యానికే చెప్పినా మీ మాట తేదీతో సహా ముందే ఉంటుంది.

ఇప్పుడు కవర్ సంగతి. నేను చేసిన మొదటి తప్పు, దాన్ని రెండ్రోజులు డ్రాయర్‌లో పెట్టుకోవడం. దొంగతనం చేసినవాడిలా తాళం వేసి మరీ పెట్టా. మూడో రోజు ఆయన్ని పిలిచి కవర్ బల్ల మీద పెడితే, "ఏ కవర్ సార్? మాది కాదండీ" అన్నాడు చాలా అమాయకంగా. ఇక నేనేం చెయ్యను? అకౌంట్స్ హెడ్ దగ్గరికి తీసుకెళ్ళా, ఆయన నా ఎదురుగానే ఇంకొకళ్ళని పిలిచి లెక్కపెట్టించి ఒక కాగితం రాయించి సంతకాలు పెట్టించాడు, అన్నీ అయ్యాక మెల్లగా అడిగాడు, "మరి రెండ్రోజుల నుంచి ఏం చేస్తున్నావ్?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి మీకు చెప్పేది, కవర్ కనపడ్డ నిమిషంలో పక్క సీట్లో ఉన్న మనిషిని పిలవండి, ఒంటరిగా తెరవకండి, లెక్కపెట్టకండి, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి ఇద్దరూ కలిసి తీసుకెళ్ళి అప్పగించి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇంటికి పంపిస్తే ఇంకా చిరాకు. ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచాలి, పేరు తెలీని పార్సిల్ తీసుకోవద్దని.

గిఫ్టుల దగ్గర ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆ మనిషి కోట్ ఏదైనా ఇప్పుడు మీ టేబుల్ మీద పెండింగ్‌లో ఉందా? ఉంటే పెన్ను కూడా వద్దు. లేకపోతే, ఆ వచ్చిన వస్తువుని ఆఫీసులో అందరి ముందూ పెట్టుకుని వాడగలరా, మీ బాస్ "ఎవరిచ్చారు" అంటే తడుముకోకుండా చెప్పగలరా చూసుకోండి. డైరీలు, క్యాలెండర్ల గురించి ఎవడూ భుజాలు తడుముకోడు. ఫోన్ వచ్చిందనుకోండి, తడుముకుంటారు. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే, చిన్న గిఫ్టుతో వాడు కొనేది ఆర్డర్‌ని కాదు, మీకున్న వద్దు అనే అలవాటుని.

మిమ్మల్నే అడిగితే

బిజినెస్ మీదైతే కథ తిరగబడుతుంది, ఇక్కడ మీరు ఇచ్చే వైపు ఉంటారు. సరుకు క్లియరెన్స్ ఆగింది, లైసెన్స్ ఆగింది, బిల్లు పాసవ్వలేదు, అవతలి ఆఫీసర్ "కొంచెం చూడండి మరి" అన్నాడు. ఇది తీసుకునే వైపు కంటే కష్టం, ఎందుకంటే మీకు ఆగిన రోజుకి ఇంత అని నష్టం కనపడుతూ ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, వాడు అమ్మేది సంతకం కాదు, మీ తొందర. అప్లికేషన్ ఆఖరి రోజున ఇచ్చినవాడి దగ్గరే ఎక్కువ గుంజుతారు. కాబట్టి పెద్ద మందు ఏంటంటే ముందే వెళ్ళడం, కాగితాలన్నీ చెక్‌లిస్ట్ ప్రకారం పెట్టి, అందినట్టు తేదీతో రసీదు తీసుకోవడం. విసుగ్గా ఉంటుంది, పనిచేస్తుంది.

అడిగాక ఏం చేయాలి? ఒంటరిగా వెళ్ళడం మానేయండి, తర్వాతసారి ఇంకొకళ్ళని వెంట తీసుకెళ్ళి పక్కన నోట్‌బుక్ తెరిచి కూర్చోమనండి, సగం మంది అక్కడికే సర్దుకుంటారు. "ఫీజు ఉంటే చెప్పండి సార్, కట్టేస్తాం, రసీదు మాత్రం కంపెనీ పేరున ఇవ్వండి, లేకపోతే మా ఆడిటర్ ఒప్పుకోడు" అనండి. ఆడిటర్ పాపం ఎప్పుడూ అందరి చేతా తిట్లు తినేవాడే, ఇంకో నింద పడితే ఏమీ అనుకోడు. ఇంకా నలిపితే, ఏ రూల్ కింద ఆపారో రాతపూర్వకంగా ఇమ్మని మర్యాదగా ఒక లెటర్ పెట్టండి, కాపీ పై ఆఫీసర్‌కి. కోపంగా కాదు, మర్యాదగా. కోపంగా రాస్తే ఫైల్లో కోపమే మిగుల్తుంది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. చాలా దేశాల్లో ఇచ్చినవాడూ నేరస్తుడే. అమెరికా 1977లో చేసిన చట్టం ప్రకారం వేరే దేశపు అధికారికి లంచం ఇస్తే సొంత దేశంలో కేసు. మామూలుగా జరగాల్సిన పని త్వరగా చేయించుకోడానికిచ్చే చిల్లరకి ఆ చట్టంలో మినహాయింపు ఉంది, బ్రిటన్ 2010లో చేసిన చట్టంలో అదీ లేదు, పైగా అందులో ప్రైవేటు కంపెనీల మధ్య ఇచ్చిపుచ్చుకున్నా నేరమే, మీ తరఫున పనిచేసేవాడు ఇచ్చినా దాన్ని ఆపడానికి సరైన ఏర్పాట్లు లేవని కంపెనీనే బోనులో నిలబెడతారు. ఇండియాలో 2018 సవరణ తర్వాత ప్రభుత్వ ఉద్యోగికి ఇచ్చినవాడికి కూడా ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు, బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లోపు పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పి ఉండాలి. ఈ ఏడు రోజుల సంగతి తెలీక "తప్పనిసరై ఇచ్చాను" అంటూ తిరిగేవాళ్ళు బోలెడుమంది.

ఒక్క చోట మాత్రం పట్టుదలకి పోకండి. ప్రాణానికో ఒంటికో ముప్పు ఉంటే, మెడ మీద కత్తి పెట్టి అడుగుతుంటే, ఇచ్చేసి బయటపడండి. అలాంటి డబ్బుని అమెరికా ప్రభుత్వం ఆ 1977 చట్టం మీద రాసిన గైడ్ కూడా లంచం కింద లెక్కెయ్యదు. బయటికొచ్చిన గంటలో అంతా రాసి కంపెనీకి పంపండి, లెక్కల్లో ఉన్నది ఉన్నట్టు చూపించండి, "ఆఫీసు ఖర్చులు" అని కాదు.

ఇక ఏజెంట్లు. "మీకెందుకు సార్, మేం చూసుకుంటాం, మీరు మా కన్సల్టెన్సీ ఫీజు కట్టండి చాలు" అనేవాళ్ళు. వీళ్ళ చేత చేయి తడిపిస్తే మన చేతికి తడి అంటదు అనుకుంటారు చాలామంది. జర్మనీ కంపెనీ సీమెన్స్ అలాగే అనుకుంది. కన్సల్టెంట్ల పేరున డబ్బు వెళ్ళేది, కంపెనీ లోపలే క్యాష్ డెస్కులు ఉండేవి, పేమెంట్ అప్రూవల్ సంతకాలు పసుపుపచ్చ పోస్ట్-ఇట్ చీటీల మీద పెట్టేవారు, అవసరమైతే పీకేయొచ్చని! చివరికి 2008లో అమెరికా, జర్మనీ రెండింటికీ కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టింది. మీరు ఏజెంట్‌ని పెట్టుకునేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈయన ఏం పని చేస్తాడు, దానికి ఈ ఫీజు న్యాయమేనా? పని ఏంటో చెప్పలేకపోతున్నాడా, ఫీజు గెలిచిన ఆర్డర్‌లో ఇంత అని అడుగుతున్నాడా, డబ్బు ఇంకో దేశంలో ఇంకొకళ్ళ అకౌంట్‌లో వెయ్యమంటున్నాడా, అప్పుడు నమస్కారం పెట్టేయండి.

అడిగేది, చేయించేది బాసే అయితే

ఇది అన్నిటికంటే చిక్కు, దీనికి నా దగ్గర సులువైన మందు లేదు. బాస్ "ఈ ఆర్డర్ ఫలానా వాళ్ళకి ఇచ్చెయ్" అంటే అడ్డం తిరగక్కర్లేదు, "సరే సార్, రేట్ ఎక్కువ ఉంది కదా, వాళ్ళకే ఎందుకిస్తున్నామో ఒక లైను మెయిల్‌లో పెట్టండి, ఫైల్లో పెట్టుకుంటా" అనండి. కారణం నిజమైనదైతే పెడతాడు, కాకపోతే రెండ్రోజుల్లో ఆ ఫైల్ మీ టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదకి వెళ్ళిపోతుంది. మీకు కావాల్సింది అదే. అందరూ పంచుకుంటున్న చోట, తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు నడిచే డిపార్ట్‌మెంట్‌లో, వద్దన్నవాడే విలన్ అవుతాడు, లంచ్‌కి ఎవరూ పిలవరు, ఇంక్రిమెంట్ దగ్గర తేడా తెలుస్తుంది. అక్కడ మీ కాగితాలు జాగ్రత్త చేసుకుంటూ వేరే ఉద్యోగం వెతుక్కోవడం పిరికితనమేం కాదు.

ఆల్రెడీ తీసేసుకున్నారా? ముందు ఆపండి, ఆ వెండర్ ఫైళ్ళకి దూరం జరగండి, మెసేజ్‌లు డిలీట్ చేయకండి, అది ఇంకో నేరం అవుతుంది, ఎవరికైనా చెప్పేముందు మీ సొంత లాయర్‌తో మాట్లాడండి. కంపెనీ లాయర్ కంపెనీకి లాయర్, మీకు కాదు. ముందే బయటపెడితే శిక్ష తగ్గే అవకాశం చాలా చోట్ల ఉంది, తగ్గుతుందని గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఓనర్లకి నాలుగు ముక్కలు

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ పక్క సీట్లోవాడు పడతాడు. మోసాల్ని దర్యాప్తు చేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 రిపోర్ట్ ప్రకారం బయటపడ్డ మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు చెప్పడం వల్లే బయటపడ్డాయి, చెప్పినవాళ్ళలో సగానికి పైగా అక్కడి ఉద్యోగులే. ఆడిట్ మీద పెట్టే ఖర్చులో కొంచెం, పేరు చెప్పకుండా చెప్పుకునే దారి ఒకటి పెట్టడానికి ఖర్చు చేయండి. వెండర్‌ని ఎంచుకునేవాడు, సరుకు చూసి తీసుకునేవాడు, బిల్లు పాస్ చేసేవాడు ముగ్గురూ ఒక్కడే కాకుండా చూడండి. కొటేషన్లు చేత్తో పట్టుకుని చూడండి, స్క్రీన్ మీద కాదు, పక్కపక్కన పెట్టి. నేనొకసారి మూడు వేర్వేరు కంపెనీల కొటేషన్లు అలా పెడితే మూడింట్లోనూ "డెలివరీ" అన్న మాటకి ఒకే స్పెల్లింగ్ తప్పు ఉంది, ఒకే కంప్యూటర్‌లో తయారైన మూడు లెటర్‌హెడ్లు. అప్రూవల్ లిమిట్‌కి (అది దాటితే పైవాళ్ళ సంతకం కావాలి) కాస్త కిందగా వరసగా మూడు పర్చేజ్ ఆర్డర్లు పడుతున్నాయా చూడండి. ఏళ్ళ తరబడి ఒక్క రోజు కూడా సెలవు పెట్టని పర్చేజ్ మనిషిని మెచ్చుకునేముందు, రెండు వారాలు బలవంతంగా సెలవిచ్చి ఆయన ఫోన్లు ఇంకొకళ్ళు ఎత్తేలా చూడండి.

వద్దంటే ఆర్డర్లు పోవా అని అడుగుతారు. పోతాయి. కొన్ని నిజంగానే పోతాయి, ఆ లెక్క బడ్జెట్‌లో ముందే వేసుకోవాలి, లేకపోతే నెలాఖరుకి టార్గెట్ దగ్గర పడ్డప్పుడు చెయ్యి వణుకుతుంది. లిఫ్ట్ దగ్గర నాకు ఆఫర్ ఇచ్చినాయన సంగతి చెప్పలేదు కదా. కవర్ గొడవ అయ్యాక కూడా ఆయన రెండు పర్సెంట్ తగ్గించి రివైజ్డ్ కోట్ పంపాడు, దాని మీద తేదీ కూడా మార్చలేదు. అయినా ఇంకొకళ్ళ రేటే తక్కువ వచ్చింది, ఆర్డర్ వాళ్ళకెళ్ళింది. తర్వాత ఎక్కడ ఎదురుపడ్డా ఆయన ఫోన్ చూసుకుంటూ వెళ్ళిపోతాడు, అదే లిఫ్ట్ దగ్గర చూసుకున్నట్టు.